ఊదారంగు బాక్టీరియాలో కిరణజన్య సంయోగక్రియ

ఊదారంగు బాక్టీరియా కాంతిశక్తిని రసాయనిక శక్తిగా మార్చుకోగల సూక్ష్మజీవులు. వెలుతురు సోకినా ఆక్సిజన్ అంతగా అందని చెరువు నీటిలోను, బురదలోను, గంధకపు ఊటలలోను ఇవి పెరుగుతాయి. మొక్కల వలె ఇవి ఆక్సిజన్‌ను విడుదల చేయవు. కావున కిరణజన్య సంయోగక్రియ జరిగిన ప్రతిచోట ఆక్సిజన్ వెలువడుతుందని భావించుట సరికాదు.

చరిత్ర

1883లో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్మాన్, కంటికి కనబడని పరారుణ కిరణాలు పడేచోట కూడా ఈ బాక్టీరియా గుమిగూడటం గమనించాడు. 1931లో కార్నెలిస్ వాన్ నీల్ వీటిని మొక్కలతో పోల్చి చూశాడు. గంధక ఊదా బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడు నుండి హైడ్రోజన్‌ను గ్రహించి గంధకాన్ని మిగులుస్తాయి. మొక్కలు నీటి నుండి హైడ్రోజన్‌ను గ్రహించి ఆక్సిజన్‌ను విడుస్తాయి. అనగా మొక్కలు విడిచే ఆక్సిజన్ బొగ్గుపులుసు వాయువుది కాదు, నీటిదే అని ఆయన ప్రతిపాదించాడు. 1941లో రూబెన్, కామెన్‌ల బృందం ఆక్సిజన్-18 ఐసోటోపుతో జరిపిన ప్రయోగాలు దీనిని బలపరచాయి.

శక్తి మార్పిడి జరిగే విధానం

ఈ చర్య కణత్వచంలోను, దాని లోపలి మడతలలోను జరుగుతుంది.

1. బాక్టీరియోక్లోరోఫిల్, కెరోటినాయిడ్ వర్ణకాలు కాంతిని గ్రహించి, ఆ శక్తిని చర్యాకేంద్రానికి చేరవేస్తాయి.
2. అక్కడి ప్రత్యేక బాక్టీరియోక్లోరోఫిల్ జంట ఉత్తేజితమై ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతుంది. అది సుమారు 3 పికోసెకన్లలో బాక్టీరియోఫియోఫైటిన్‌ను, ఆపై సుమారు 200 పికోసెకన్లలో మొదటి క్వినోన్‌ను చేరుతుంది. సెకనులో లక్ష కోట్లవ వంతు ఒక పికోసెకను.
3. రెండవ క్వినోన్ రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రోటాన్లను స్వీకరించి క్వినాల్‌గా మారుతుంది. ఇది సైటోక్రోమ్ బీసీ1 సముదాయాన్ని చేరినపుడు ప్రోటాన్లు త్వచానికి ఆవలివైపు విడుదలవుతాయి.
4. ఎలక్ట్రాన్ సైటోక్రోమ్ సీ2 ద్వారా తిరిగి మొదటి జంటను చేరుతుంది. దీనినే చక్రీయ ఎలక్ట్రాన్ ప్రవాహం అంటారు.
5. పోగుపడిన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా వెనుకకు ప్రవహించినపుడు, ఆనకట్ట నీరు టర్బైనును త్రిప్పినట్లుగా, ఆ ఎంజైములోని ఒక భాగం తిరిగి ఏడీపీ నుండి ఏటీపీ తయారవుతుంది.

ఎలక్ట్రాన్ తిరిగి మొదటికే వస్తుంది కనుక ఏటీపీ తయారీకి హైడ్రోజన్ సల్ఫైడు ఖర్చు కాదు. బొగ్గుపులుసు వాయువును పిండిపదార్థాలుగా మార్చుటకు కావలసిన ఎలక్ట్రాన్ల కొరకే అది అవసరం.

చర్యాకేంద్ర నిర్మాణం

ఈ వర్గానికే చెందినా ఆకుపచ్చగా కనబడే రోడోసూడోమోనాస్ విరిడిస్ (ప్రస్తుత నామం బ్లాస్టోక్లోరిస్ విరిడిస్) చర్యాకేంద్రపు నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో కనుగొన్నందుకు యోహాన్ డైసెన్‌హోఫర్, రాబర్ట్ హ్యూబర్, హార్ట్‌ముట్ మిషెల్‌లకు 1988లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.