బొమ్మ అయిపోయాక

విజయా ములే 1946లో ఇంగ్లండు వెళ్లింది విద్యాశాస్త్రం చదవడానికి. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో అక్కడి ఫిల్మ్ సొసైటీలో చేరారు. సినిమాను వినోదంగా కాక ఒక పుస్తకంలా చదవవచ్చని, చదివినదాని మీద పదిమందీ వాదించుకోవచ్చని ఆమె నేర్చుకున్నది తరగతి గదిలో కాదు, ఆ సొసైటీలో. బ్రిటన్‌లో ఈ అలవాటుకు అప్పటికే ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1925లో ఐవర్ మాంటేగూ మిత్రులతో కలిసి లండన్‌లో ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. బహిరంగ ప్రదర్శనకు సెన్సారు ఒప్పుకోని ఐసెన్‌స్టయిన్ చిత్రం 'బాటిల్‌షిప్ పొటెంకిన్'ను ఆ సొసైటీ 1929లో తన సభ్యులకు చూపించింది. నలుగురూ చందాలు వేసుకుని, సభ్యుల వరకే సినిమా వేసుకుని, ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకునే పద్ధతి అలా స్థిరపడింది.

ములే స్వదేశానికి తిరిగి వచ్చి పాట్నాలో ఫిల్మ్ సొసైటీ నడిపారు. కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, బన్సీ చంద్రగుప్త వంటివారు అంతకుముందే, 1947 అక్టోబరులో, కలకత్తా ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. వాళ్లు మొట్టమొదట వేసిన సినిమా కూడా 'పొటెంకిన్' కావడం విశేషం. దేశంలోని సొసైటీలన్నీ కలిసి 1959 డిసెంబరులో సమాఖ్యగా ఏర్పడ్డాయి. రాయ్ అధ్యక్షుడు, ములే, దాస్‌గుప్తా కార్యదర్శులు. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, పాట్నా సొసైటీలతో పాటు ఆ సమాఖ్యను నిలబెట్టినవాటిలో రూర్కీ పేరు కూడా కనిపిస్తుంది. మహానగరాల సరసన ఆ చిన్న ఊరు చేరిందంటే, అక్కడి ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయాన్ని గుర్తుంచుకోవాలి. భారతదేశంలో ఫిల్మ్ సొసైటీ ఉద్యమం నగరాల మధ్యతరగతి వ్యాపకమని చరిత్రకారులు రాస్తుంటారు. అది నిజమే కానీ, దానిలో మొదటినుంచీ విశ్వవిద్యాలయం పాలు కూడా ఉందన్న సంగతిని అంతగా పట్టించుకోలేదు.

ఆనాటి ప్రధాన సమస్య సినిమా దొరకడం. 1952 జనవరిలో బొంబాయిలో మొదలై ఇతర నగరాలకు వెళ్లిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 'బైసికిల్ థీవ్స్', 'రాషోమన్' వంటి చిత్రాలను పరిచయం చేసింది. పండుగ అయిపోయాక ఆ ప్రింట్లు ఎలా వచ్చాయో అలాగే వెళ్లిపోయాయి. సొసైటీలు రాయబార కార్యాలయాల చుట్టూ తిరిగాయి. సోవియట్, పోలిష్, చెక్, ఫ్రెంచ్, జర్మన్ సినిమాలు ఆ దారిలోనే వచ్చేవి. కాలేజీ హాల్లో వేయాలంటే 16 ఎం.ఎం. ప్రింటు కావాలి. చిన్న రీలు పదకొండు నిమిషాలు, పెద్ద రీలు ముప్పావు గంట ఆడుతుంది. ఒకే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, మార్చేదాకా ప్రేక్షకులు కూర్చునే ఉండేవారు. ఆ విరామాల్లోనే మాటలు మొదలయ్యేవి. చర్చను ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చేయనవసరం లేకపోయింది. యంత్రమే దానికి తావిచ్చింది.

అయితే మాట్లాడుకోవడం వేరు, చర్చించడం నేర్పడం వేరు. ఆ రెండోదానికి మనదేశంలో పునాది వేసినవారిలో ఇద్దరిని ముఖ్యంగా చెప్పుకోవాలి. మొదటి వ్యక్తి మేరీ సీటన్. ఐసెన్‌స్టయిన్ జీవితచరిత్ర రాసిన ఈ బ్రిటిష్ విమర్శకురాలు 1950ల నడుమ భారతదేశానికి వచ్చి ఊరూరా తిరిగి, సినిమాను ఎలా చూడాలో ఉపన్యాసాలిచ్చారు. తర్వాతి కాలంలో రాయ్ మీద కూడా పుస్తకం రాశారు. రెండో వ్యక్తి సతీశ్ బహదూర్. ఆయన ఆగ్రాలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. విద్యార్థులతో ఫిల్మ్ సొసైటీ నడిపారు, సీటన్ ప్రభావంలో పడ్డారు. చివరకు తన శాస్త్రాన్నే వదులుకుని, 1963లో పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా రసాస్వాదన బోధించే ఆచార్యుడిగా చేరారు. జీవనోపాధినిచ్చే శాస్త్రం ఒకటి చేతిలో ఉండగా, అప్పటికి దేశంలో పాఠ్యాంశమే కాని విషయం కోసం ఒక మనిషి ఊరు మారడం చిన్న సంగతి కాదు. ఈ చరిత్రలో నాకు ఎక్కువ గౌరవం కలిగించే నిర్ణయం అదే.

ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఆ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా ఆ ఊళ్లోనే ఏర్పడింది. మరుసటి ఏడు అందులో చేరిన పి.కె. నాయర్ ఎక్కడెక్కడి గోదాముల్లోంచో పాత ప్రింట్లు వెతికి తెచ్చి భద్రపరిచారు. ఒకరు సినిమాను దాచేవారు, ఒకరు దాన్ని విడమరిచేవారు. ఆ ఇద్దరి పని ఒకచోట కలిసింది కాబట్టే 1967లో మొదలైన సినిమా రసాస్వాదన కోర్సు తర్వాత ఏటా జరిగే సంప్రదాయంగా నిలిచింది. దేశం నలుమూలల నుంచి లెక్చరర్లు, లైబ్రేరియన్లు, పాత్రికేయులు వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లి వారాల తరబడి సినిమాలు చూసి, తిరిగి తమ కాలేజీల్లో సొసైటీలు పెట్టారు. ఆర్కైవ్ తన 16 ఎం.ఎం. ప్రింట్లను వాళ్లకు పంపేది. మన జిల్లాల్లోని కాలేజీలకు ప్రపంచ సినిమా చేరిన దారుల్లో ఇదొకటి.

బహదూర్ పద్ధతికి ఆధారగ్రంథం 'పథేర్ పాంచాలి'. షాటు తర్వాత షాటుగా, దృశ్యం పక్కన దృశ్యం పెట్టి చూడటం ఆయన బోధనకు ప్రాణం. ఆ పద్ధతిలో చర్చ ఎంత లోతుకు పోగలదో ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. తెల్లని రెల్లుపూల మధ్య దుర్గ, అపు పరుగెత్తి రైలును చూసే ఘట్టం అందరికీ తెలిసిందే. ఆ రైలు వెళ్లిపోయాక పిల్లలు ఇంటిదారి పడతారు. వెదురు పొదల దగ్గర ముసలి ఇందిర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది. దుర్గ చేత్తో కదిపితే ఒరిగిపోతుంది. రైలును మొదటిసారి చూడటం, చావును మొదటిసారి చూడటం ఒకే మధ్యాహ్నంలో ఎందుకు జరిగాయి? రైలు దృశ్యాన్ని మాత్రమే కత్తిరించి చూపితే అందంగా ఉంటుంది. రెండింటినీ కలిపి చూపి, మధ్యలో ఆపి, ప్రేక్షకుణ్ణి అడిగితే, అక్కడ మొదలయ్యే ఆలోచన ఆ గదిలో ఎవరికి వారుగా కూర్చుని చేయగలిగింది కాదు. ఒకరు చెప్పింది విని మరొకరు మనసు మార్చుకునే అవకాశం అక్కడుంటుంది.

హైదరాబాదుకు ఈ కథలో సొంత అధ్యాయమే ఉంది. తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్ నిజాం కాలేజీలో అర్థశాస్త్రం చదివే రోజుల్లో హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీకి నాంది పలికారు. బహదూర్‌దీ అర్థశాస్త్రమే. బెనెగల్ సినిమా 'అంకుర్'కు మూలం ఆయన కాలేజీ పత్రికకు రాసిన కథ. అది తెరమీదికి 1974లో వచ్చింది. తెలంగాణ పల్లె, దొర ఇల్లు, ఆ ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ: హైదరాబాదు కుర్రవాడికి చిన్నప్పుడే తెలిసిన ప్రపంచం అది. తెలిసిన ప్రపంచాన్ని ఎటునుంచి చూడాలన్న ప్రశ్నకు సొసైటీ చూపించిన సినిమాలు దారి ఇచ్చి ఉంటాయన్నది నా అంచనా.

ఆ తర్వాతి కొన్నేళ్లు తెలుగులో అరుదైన కాలం. 1977లో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' తీశారు. బెనెగల్ 'అనుగ్రహం' 1978లో వచ్చింది. బి. నరసింగరావు నిర్మించిన 'మా భూమి' 1980 మార్చిలో విడుదలైంది, దర్శకుడు గౌతమ్ ఘోష్. ముగ్గురు దర్శకులూ సినిమాను చర్చనీయాంశంగా చూసే వాతావరణంలో ఎదిగినవాళ్లే. ఏడాదికి వంద సినిమాలు తీయగల పరిశ్రమ ఉన్న భాషలో ఈ చిత్రాలకు ప్రేక్షకులను సిద్ధం చేసింది ఫిల్మ్ క్లబ్బులు, కాలేజీలు, సాహిత్య సంఘాలు. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ, మనవాళ్లు 'కఫిసో' అని పిలుచుకునేది, జిల్లా కేంద్రంలో ఏళ్ల తరబడి ఈ పని చేసింది. వారాల ఆనంద్ వంటివారు ఆ అనుభవాన్ని తెలుగు సినీ విమర్శలోకి తెచ్చారు.

సొసైటీలకు ఒక పరిమితి ఉండేది. జనం చూసే సినిమాను అవి చిన్నచూపు చూశాయి. ఎన్టీఆర్ పౌరాణికం గురించి చర్చ పెట్టడమంటే స్థాయి తగ్గడమనుకున్నాయి. సెన్సారు కత్తెర పడని విదేశీ చిత్రాల కోసమే సభ్యత్వం తీసుకున్నవారు ఉన్నారన్న విమర్శా ఉండేది, అందులో నిజం లేకపోలేదు. ఈ లోపాన్ని పూరించింది విశ్వవిద్యాలయమే. జాదవ్‌పూర్‌లో 1993లో సినిమా అధ్యయన శాఖ ఏర్పడింది. హైదరాబాదులో, నేడు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా (ఇఫ్లూగా) పిలిచే సంస్థలో, ఎం. మాధవ ప్రసాద్ వంటి ఆచార్యులు జనరంజక సినిమాను రాజకీయ చరిత్రలో భాగంగా చదివారు. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీద, అభిమాన సంఘాల మీద చేసిన పరిశోధన 2009లో 'మెగాస్టార్' పేరుతో పుస్తకమైంది. హాలు ముందు కటౌటుకు పాలాభిషేకం చేసే కుర్రవాడు చర్చకు పనికిరానివాడన్న భావన తొలగింది. ఇది ఆలస్యంగా వచ్చిన న్యాయం.

ఈలోగా వీడియో క్యాసెట్ వచ్చింది, తర్వాత డీవీడీ, ఆ తర్వాత హాస్టల్ గదిలో హార్డ్‌డిస్క్. ఒకప్పుడు రాయబార కార్యాలయాన్ని బతిమాలి తెచ్చుకున్న సినిమా ఇప్పుడు జేబులో ఉంది. దీంతో క్యాంపస్ ప్రదర్శనలు అంతరించాలి. జరిగింది వేరు. సినిమా కొరత తీరాక, కలిసి కూర్చుని చూడటం, అడగడం అనే భాగమే అసలు కారణంగా మిగిలింది. దానితోపాటే వివాదమూ వచ్చింది.

ఈ మార్పును ముందుగా పసిగట్టింది డాక్యుమెంటరీ దర్శకులు. 2004లో ముంబయి చిత్రోత్సవానికి పంపే భారతీయ డాక్యుమెంటరీలకు సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి అన్నప్పుడు వాళ్లు ఎదురుతిరిగి 'వికల్ప్' పేరుతో సొంత వేదిక ఏర్పరచుకున్నారు. థియేటర్లు తీసుకోని, టీవీ వేయని ఆ చిత్రాలకు విశ్వవిద్యాలయమే థియేటరు అయింది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బహిరంగ ప్రదర్శనను నియంత్రిస్తుంది. విశ్వవిద్యాలయం సెమినార్ హాలు బహిరంగ స్థలమా, కాదా అన్న వాదన అప్పటినుంచీ తెగలేదు.

2015 ఆగస్టు మొదట్లో నకుల్ సింగ్ సాహ్నీ చిత్రం 'ముజఫర్‌నగర్ బాకీ హై' ప్రదర్శనను ఢిల్లీలోని ఒక కాలేజీలో అడ్డుకున్నారు. ఆ అడ్డగింతకు వ్యతిరేకంగా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘం నిరసన తెలిపింది. అక్కడ మొదలైన ఘర్షణ ఐదుగురు దళిత పరిశోధకుల బహిష్కరణకు, 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల మరణానికి దారితీసిన ఘటనల్లో తొలి మెట్టు. ఆ కథను కులం, పాలన, విద్యార్థి రాజకీయాలు లేకుండా చెప్పలేం. కానీ దాని తొలి పంక్తిలో ఒక సినిమా ప్రదర్శన ఉందన్నది చరిత్ర మరువకూడని వివరం.

అదే విశ్వవిద్యాలయంలో 2019 ఆగస్టులో ఆనంద్ పట్వర్ధన్ 'రామ్ కే నామ్' ప్రదర్శనను పోలీసులు ఆపి, కొందరు విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. 1992 నాటి ఆ చిత్రానికి సెన్సారు 'యు' సర్టిఫికెట్ ఇచ్చింది, జాతీయ పురస్కారం వచ్చింది, కోర్టు ఆదేశంతో దూరదర్శన్ కూడా ప్రసారం చేసింది. యూట్యూబ్‌లో ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరం సినిమాలో ఉన్న ఏ దృశ్యానికైనా అయితే, అన్నేళ్లలో ఎప్పుడో తేలిపోయి ఉండాలి. మరి అభ్యంతరం సినిమాకా, దాన్ని కలిసి కూర్చుని చూడటానికా?

2023 జనవరిలో ప్రధానమంత్రి మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ లంకెలను ప్రభుత్వం తొలగింపజేసినప్పుడు ఇదే ప్రశ్న ఇంకా స్పష్టంగా ముందుకొచ్చింది. జేఎన్‌యూలో ప్రదర్శన వేళకు కరెంటు పోతే విద్యార్థులు చీకట్లోనే ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో చూశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణతంత్ర దినోత్సవం నాటి సాయంత్రం ఒక విద్యార్థి సంఘం ఆ డాక్యుమెంటరీని, మరో సంఘం 'ద కశ్మీర్ ఫైల్స్'ను వేశాయి. ఒకే ఆవరణలో రెండు తెరలు, రెండు గుంపులు. ఎదుటివారి సినిమాను చూసి, అక్కడే నిలబడి ప్రశ్న అడిగేవాడికి రెండుచోట్లా చోటు దొరకాల్సి ఉంది. సతీశ్ బహదూర్ ఆగ్రాలో విద్యార్థులను కూర్చోబెట్టింది అలాంటి ప్రశ్న కోసమే, తమకు నచ్చిన సినిమాకు చప్పట్లు కొట్టడానికి కాదు.