పురంజనుడి పట్టణం

ఉద్యోగ విరమణ తరువాత మన దేవాలయపు సాయంకాల తరగతిలో అక్షరాలు దిద్దుకొన్న వారిలో మేమూ ఒకరము. ఇప్పుడు అక్కడే పిల్లలకు కథలు చెప్పే పని మాకు అప్పగించారు. గజేంద్రమోక్షం చెప్పిన రోజున ఒక బాలిక "ఇది నిజంగా జరిగిందా?" అని అడిగింది. "ఏనుగంటే జీవుడు, మొసలి అంటే సంసారం, అదంతా సంకేతమమ్మా" అని చెప్పి తప్పించుకొన్నాము. ఆమె పుస్తకం మూసివేసింది. అర్థం చేతికి వచ్చాక ఏనుగుతో ఆమెకు పని లేకపోయింది.

ఒక కథ చెబుతూ దాని చాటున మరొక విషయాన్ని బోధించడాన్ని అన్యాపదేశం అంటారు. అది ఎలా నడవాలో భాగవతమే చతుర్థ స్కంధంలో చూపింది. యజ్ఞాలలో పశువులను బలి ఇస్తూ మునిగి ఉన్న ప్రాచీనబర్హి అనే రాజుకు నారదుడు పురంజనుడి కథ చెప్పాడు.

పురంజనుడికి అవిజ్ఞాతుడనే స్నేహితుడు ఉండేవాడు. నివాసానికి తగిన చోటు వెతుకుతూ పురంజనుడు హిమాలయాలకు దక్షిణాన తొమ్మిది వాకిళ్ళ పట్టణం ఒకటి చూశాడు. అక్కడ పదిమంది సేవకులతో ఒక సుందరి, కాపలాగా అయిదు తలల పాము ఉన్నాయి. ఆమెను పెండ్లాడి, స్నేహితుణ్ణి మరచి, ఆమె సుఖమే తన సుఖమని బ్రతికాడు. కొంతకాలానికి చండవేగుడు 360 మంది గంధర్వులతో, అంతే సంఖ్యలో గంధర్వ స్త్రీలతో వచ్చి పట్టణాన్ని దోచుకోసాగాడు. పాము ఒంటరిగా నూరేళ్ళు పోరాడి అలసిపోయింది. ఆపై కాలకన్య చొరబడింది; ప్రజ్వారుడు నిప్పు పెట్టాడు. భార్యనే తలచుకొంటూ మరణించిన పురంజనుడు విదర్భ రాజపుత్రిగా పుట్టాడు. ఆమె భర్తను కోల్పోయి విలపిస్తుండగా ఆ పాత స్నేహితుడే బ్రాహ్మణ రూపంలో వచ్చి పలకరించాడు.

అంతా విన్న రాజు తనకు సరిగా బోధపడలేదన్నాడు. తెలుగు ఆలస్యంగా నేర్చిన మాబోటి వారికి ఇది ఎంత ఊరట! అప్పుడు నారదుడు విప్పి చెప్పాడు: పట్టణం శరీరం, సుందరి బుద్ధి, సేవకులు ఇంద్రియాలు, పాము ప్రాణం. గంధర్వులు, గంధర్వ స్త్రీలు ఏడాదిలోని పగళ్ళు, రాత్రులు. కాలకన్య ముసలితనం, ప్రజ్వారుడు జ్వరం. అవిజ్ఞాతుడు ఈశ్వరుడు. మేము గమనించవలసింది వరుస. ముందు కథ, తరువాతనే తాళంచెవి.

కృష్ణమిశ్రుడు 11వ శతాబ్దంలో రాసిన ప్రబోధచంద్రోదయ నాటకంలో పాత్రల పేర్లే వివేకుడు, మహామోహుడు, శ్రద్ధ, శాంతి. 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ దానిని తెలుగు కావ్యంగా మలిచారు. గొప్ప రచనే, అయినా తాళం వేయకుండానే తాళంచెవి చేతిలో పెట్టినట్లు మాకు తోస్తుంది.

గజేంద్రుడి కథలో నారదుడి వంటి వివరణ లేదు. అక్కడ ఏనుగు అగస్త్యుడి శాపం పొందిన ఇంద్రద్యుమ్న మహారాజు, మొసలి దేవలుడి శాపం పొందిన హూహూ అనే గంధర్వుడు. జీవుడు, సంసారం అనే భావం పెద్దలు చేసిన వ్యాఖ్య. అది మంచి వ్యాఖ్యే. కాని కథకు బదులుగా దానిని ఇవ్వకూడదు.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీల రాక సాగింది. చెరకు తోటల కూలీ లైనులో పుట్టిన మా నాయనమ్మకు చదువు రాదు. గజేంద్రుడి కథ చెప్పేటప్పుడు ఆమె మొసలి పట్టిన కాలి దగ్గరే ఆగిపోయేది. ఎంత నొప్పో, ఎన్నాళ్ళు ఓర్చుకొన్నాడో చెప్పి చెప్పి మమ్మల్ని ఏడిపించేది. అయిదేళ్ళ ఒప్పందమే ఆమె దృష్టిలో మొసలి అని ఒకసారి రాయబోయి కలం ఆపాము. ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు.

మరుసటి వారం తరగతిలో పురంజనుడి కథను వివరణ లేకుండా చెప్పాము. ఒక అబ్బాయి తన ముఖం మీదే వాకిళ్ళు లెక్కపెట్టి ఏడు అన్నాడు. మిగిలిన రెండూ తట్టగానే తరగతి అంతా నవ్వులే. పుస్తకం మూసిన బాలిక మాత్రం నవ్వలేదు. అవిజ్ఞాతుడు ఇన్నాళ్ళూ ఎక్కడ ఉన్నాడని అడిగింది. ఆ ఘట్టం పైకి చదవమని పుస్తకం ఆమెకే ఇచ్చాము.