బక్క పిల్లలకూ చక్కెర ముప్పు: అనంతపురం కరువు నేలలో బాల్యం, జీవక్రియ ఆరోగ్యం

పిల్లల్లో చక్కెరవ్యాధి, రక్తపోటు, రక్తంలో కొవ్వు గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు నగరంలోని లావు పిల్లవాడి చుట్టే తిరుగుతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కల్యాణదుర్గం, కంబదూరు, మడకశిర, తనకల్లు వైపు ఊళ్ల బడుల్లో ఆ పిల్లవాడు అరుదు. అక్కడ ఎక్కువగా కనిపించేది వయసుకు తగ్గ ఎత్తు లేని, చేతులు పుల్లల్లా ఉన్న పిల్ల. ఆమెకు కావలసింది తిండి మాత్రమేననీ, చక్కెర ముప్పు ఆమె దరికి రాదనీ అధికారులూ ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ నమ్ముతారు. ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. కరువు నేలలో చిన్ననాటి ఆకలే పెద్దయ్యాక వచ్చే చక్కెరవ్యాధికి పునాది వేస్తుంది. పెరిగే వయసులోని తిండీ అలవాట్లూ ఆ పునాది మీద గోడలు లేపుతాయి.

ముందు దేశం లెక్క చూద్దాం. 2016–18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 5–9 ఏళ్ల పిల్లల్లోనూ, 10–19 ఏళ్ల వారిలోనూ సుమారు 10 శాతం మందికి రక్తంలో చక్కెర ప్రీడయాబెటిస్ (చక్కెరవ్యాధికి ముందు దశ) స్థాయిలో ఉంది. రక్తంలోని ఒక రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు చిన్నపిల్లల్లో 34 శాతం, కౌమారంలో 16 శాతం. అదే సర్వేలో కౌమార వయసువారిలో 24 శాతం మంది బక్కగా ఉన్నారు, అధిక బరువు ఉన్నవారు 5 శాతమే. అంటే లావెక్కిన పిల్లలకంటే రక్తపరీక్షలో తేడా కనిపించిన పిల్లలే ఎక్కువ. లావును మాత్రమే వెతికే కన్నుకు వీరిలో సగం మందికి పైగా కనిపించరు.

ఎందుకిలా జరుగుతుంది? పుణెలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో చుట్టుపక్కల గ్రామాల తల్లుల మీద మొదలుపెట్టిన అధ్యయనం దీనికి మంచి ఆధారం. అక్కడ పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన శిశువుల్లో కండ బాగా తగ్గింది, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది కండరమే. కండ తక్కువైన ఒంటికి ఆ పని బరువవుతుంది. గర్భంలో తిండి చాలనప్పుడు ఇన్సులిన్ తయారుచేసే కణాల ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. అలాంటి బిడ్డ తర్వాత తెల్లన్నం, చక్కెర, కదలిక లేని బతుకులోకి వస్తే, ఒళ్లు లావెక్కకుండానే జీవక్రియ తప్పుతుంది. 1944–45 నాటి డచ్చి కరువులో గర్భంలో ఉన్నవారిని దశాబ్దాల తర్వాత పరీక్షించినప్పుడు కూడా చక్కెరను అదుపుచేసే శక్తి తగ్గినట్టు తేలింది.

మన తెలుగు నేల మీదే జరిగిన ఒక ప్రయోగం ఇంతకంటే విలువైనది. మన వైద్యులే దాన్ని తగినంతగా తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఈ పని చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే చేరిన ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం అందింది, పథకం ఇంకా చేరని ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వారయ్యాక, 2003–05లో, 1165 మందిని మళ్లీ పరీక్షించారు. సంజయ్ కిన్రా బృందం ఆ ఫలితాలను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. చిన్నప్పుడు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయని స్థితిని కొలిచే సూచిక వారిలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. ఒంట్లో కొవ్వు పాళ్లు మాత్రం రెండు రకాల ఊళ్లలోనూ దాదాపు ఒకటే. గ్రామాలను లాటరీ వేసి ఎంచలేదు కాబట్టి ఈ ఫలితాన్ని అంతిమ తీర్పుగా తీసుకోకూడదు. అయినా తల్లికి పెట్టిన తిండి పదిహేనేళ్ల తర్వాత బిడ్డ నెత్తురులో కనిపించిందంటే, కరువు జిల్లాకు అంతకంటే పెద్ద కబురు లేదు.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానకు తగ్గట్టు పూర్వం కొర్ర, జొన్న, సజ్జ, ఆరికలతో పాటు కంది, ఉలవ, అనుము, అలసంద కలిపి వేసేవాళ్లు. 1970ల నుంచి వేరుశనగ ఆ పొలాలను ఆక్రమించింది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా బుడ్డలే వేశారు. పండిన కాయ నూనె మిల్లుకు వెళ్లేది, ఇంటి గాదె ఖాళీగా ఉండేది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది ఆకలిని ఆపిన పథకం, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అయితే రాగి సంగటి ముద్దా కొర్రబువ్వా ఉన్న పళ్లెంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములలోపే, కాల్షియం 8 మిల్లీగ్రాములలోపే. అంతకంటే పెద్ద నష్టం పప్పుది. ఉలవ గుగ్గిళ్లు, అలసంద కూర, కందిపప్పు తగ్గితే కండ పెరగడానికి కావలసిన మాంసకృత్తులు కూడా తగ్గాయన్నమాట.

చిరుధాన్యాలను మంత్రంలా జపించడం కూడా సరికాదు. మెత్తగా ఆడించిన పిండిని పలుచగా కాచి బెల్లం వేసిన జావ, పప్పుతో తిన్న సంగటికి సాటి రాదు. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో రాగి జావ మొదలైనప్పుడు నేనూ సంతోషించాను. దానిలో బెల్లం తగ్గించి, బడిలో ఇచ్చే చిక్కీలో పాకం తగ్గించి బుడ్డలు పెంచితే ఆ సంతోషం పూర్తవుతుంది.

బడి భోజనం శక్తిని అనుమానించేవారికి జవాబు ఉంది. పిల్లలను ఏళ్ల తరబడి గమనించేందుకు 2002లో మొదలైన యంగ్ లైవ్స్ పరిశోధన ఎంచుకున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చేసిన విశ్లేషణలో, పసితనంలో కరువు వల్ల వెనకబడిన పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నాక ఆ లోటును పూడ్చుకున్నట్టు తేలింది. పోగొట్టుకున్న ఎదుగుదలను తిరిగి సంపాదించే వ్యవధి ఉందన్నమాట. ఆ వ్యవధిలో మనం ఏం పెడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ప్యాకెట్లు పెడుతున్నాం. అమ్మానాన్నలు బెంగళూరుకో కేరళకో వలసపోతే అవ్వ దగ్గర ఉన్న పిల్లవాడి చేతిలో పది రూపాయలుంటాయి, వాటికి వచ్చేది చిప్సో తియ్యని రంగునీళ్లో. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన సరుకును బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది, గేటు ఎదుటి అంగడికి మాత్రం ఆ నిబంధన చేరలేదు. ఇక కదలిక మాట. 5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేస్తుంది. పెద్దమనిషైన ఆడపిల్లకు మైదానమే మూసుకుపోతుంది. రేపు తల్లి కాబోయేది ఆమే. ఆమె కండ తరిగితే తర్వాతి తరం శిశువు బరువు కూడా తరుగుతుంది. ఈ ప్రాంతంలో మొదట ఆడించవలసింది ఆడపిల్లలనే.

కొలతల దగ్గరా ఒక చిక్కుంది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2007లో పిల్లలకు ఇచ్చిన మెటబాలిక్ సిండ్రోమ్ (ఇలాంటి జీవక్రియ తేడాలు ఒకేచోట చేరిన స్థితి) నిర్వచనంలో నడుము కొవ్వు తప్పనిసరి షరతు. చక్కెర, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు మూడూ ఎక్కువున్నా నడుము సన్నగా ఉంటే ఆ పిల్ల లెక్కలోకి రాదు. అదే సమాఖ్య 2025లో పోషకాహార లోపంతో ముడిపడిన చక్కెరవ్యాధిని టైప్ 5గా గుర్తించింది. బక్కవారికీ ఈ జబ్బు వస్తుందని ఒప్పుకున్నాక, పిల్లల విషయంలో పాత షరతును పట్టుకుని కూర్చోవడం అర్థం లేనిది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి బడులకు వస్తున్నాయి. వారికీ, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ప్రధానోపాధ్యాయులకూ నా విన్నపం ఒకటే. తల్లీబిడ్డల కార్డులో పుట్టిన బరువు రాసి ఉంటుంది. ఆ అంకెను బడి ఆరోగ్య కార్డులోకి ఎక్కించండి. రెండున్నర కిలోలలోపు పుట్టిన పిల్లలందరికీ, ఎంత బక్కగా ఉన్నా, పదేళ్లు దాటాక రక్తపోటు, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు చూడండి.