నీళ్లు తాగని జీవాలు

ఒంటె తన ఒంట్లో నీళ్లు దాచుకుంటుందన్న నమ్మకం చాలా పాతది. మూపురమే నీటితిత్తి అని కొందరు, కడుపులోని అరల్లో నిల్వ ఉంటుందని కొందరు అనుకున్నారు. ఒంటె నాలుగు రోజులు దప్పిక ఓర్చుకుంటుందని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఎలా ఓర్చుకుంటుందో కొలిచి చూడటానికి మాత్రం 20వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

1940ల చివర శాస్త్రవేత్తలైన క్నూట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ దంపతులు అరిజోనా ఎడారిలో కంగారూ ఎలుకను పరీక్షించారు. అది ఎండు గింజలు తిని, నీళ్లు ముట్టకుండా బతుకుతుంది. 100 గ్రాముల బార్లీ ఒంట్లో ఖర్చయితే దాదాపు 54 గ్రాముల నీరు పుడుతుంది. ఆ కాస్త నీటితోనే ఎలుక గడుపుకొస్తుంది. మూత్రాన్ని బాగా చిక్కబరుస్తుంది, పెంటికలను పొడిగా వేస్తుంది, పగలంతా చల్లటి బొరియలో ఉంటుంది. 1953-54లో సహారాలోని బెనీ అబ్బెస్‌లో ఒంటెల వంతు వచ్చింది. మూపురంలో ఉన్నది కొవ్వేనని, కడుపులోది జీర్ణరసమేనని తేలింది. దప్పికతో ఉన్న ఒంటె ఒళ్లు తెల్లవారుజామున 34 డిగ్రీలు ఉంటే, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. ఆ వేడిని చెమటతో పోగొట్టుకోకుండా రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. ఒంటి బరువులో నాలుగో వంతు నీరు కోల్పోయినా తట్టుకుంటుంది. దాంతో నిల్వ అన్న మాట మూలన పడి, పొదుపు అన్న మాట ముందుకొచ్చింది.

మన దేశంలో ఈ పనికి జోధ్‌పూర్ కేంద్రమైంది. అక్కడ 1959లో ఏర్పడిన కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థ (కాజ్రి)లో ఈశ్వర్ ప్రకాశ్, పి.కె. ఘోష్ ఎడారి ఎలుకల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వారి సంపాదకత్వంలో 1975లో వచ్చిన సంకలనం ఇప్పటికీ ఆధార గ్రంథమే. థార్ ఎడారిలో ఉండే జెర్బిల్ ఎలుకల్లో ఒక జాతి తెలుగు నేల మెట్ట చేలలోనూ బొరియలు తవ్వుతుంది.

అయితే తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం ఎడారి కాదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడిపోతుంది. ఎండాకాలానికి చిన్న చెరువులు, కుంటలు నెర్రెలిస్తాయి. ఇక్కడి జీవులకు కరువు ఏడాది పొడవునా ఉండదు, కొన్ని నెలలు మాత్రమే. అందుకే వాటి ఉపాయం కూడా వేరు: పొదుపు కన్నా ఓపికగా కాచుకోవడం.

ఈ ఉపాయంలో ఆరితేరింది చెరువు నత్త పైలా. దాని శరీర నిర్మాణాన్ని బైనీ ప్రసాద్ 1925లో ఒక గ్రంథంగా వివరించారు. నీరు ఇంకగానే అది బురదలోకి దిగి, గట్టి మూతతో గుల్లను బిగించుకుంటుంది. లోపల జీవక్రియ బాగా మందగిస్తుంది. ఈ స్థితిలో నత్త ఆక్సిజన్ లేకుండానే శక్తి పొందే తీరును వి.ఆర్. మీనాక్షి 1956-57లో వెలువరించిన పత్రాల్లో చర్చించారు. 1970లలో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కె.ఎస్. స్వామి బృందం ఈ పరిశోధనను ముందుకు తీసుకెళ్లింది. ఇందులో అసలు కిటుకు వ్యర్థాల దగ్గర ఉంది. నీటిలో ఉన్నప్పుడు నత్త అమోనియాను విడుస్తుంది, దాన్ని కడిగేయడానికి నీరు బోలెడు కావాలి. గ్రీష్మ నిద్రలో అదే వ్యర్థం యూరిక్ ఆమ్లంగా మారి, నీరు అడగకుండా ఒంట్లోనే పోగుపడుతుంది.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుదీ ఇలాంటి దారే. మొప్పలకు తోడు గాలి పీల్చే గదులు ఉండటంతో, ఒళ్లు తడిగా ఉన్నంత కాలం బురదలోనే నెట్టుకొస్తుంది. ఎండిన చెరువు అడుగు తవ్వి కొర్రమీను పట్టేవాళ్లకు ఇది శాస్త్రం కన్నా ముందే తెలుసు.

ఇక నిల్వ సిద్ధాంతం మరో జంతువు రూపంలో తిరిగొచ్చింది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమీరామ్ ష్కోల్నిక్, సహచరులు నల్ల బెడూయిన్ మేకలను పరిశీలించారు. ఈ మేకలు రెండు నుంచి నాలుగు రోజులకొకసారి తాగుతాయి. తాగిన నీటిని మొదటి కడుపులో ఉంచుకొని మెల్లమెల్లగా రక్తంలోకి వదులుతాయి. ఒంటె విషయంలో కొట్టేసిన మాట మేక విషయంలో నిజమైంది!

మళ్లీ సూర్యాపేట వైపు వస్తే, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు తరలివచ్చే గొల్లల మందలకు అంతటి ఓర్పు అవసరం పడలేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక మిర్యాలగూడ, కోదాడ వైపు ఆయకట్టు వరి పొలాలయింది. కోతలయ్యాక అక్కడి కొయ్యకాళ్లు, గట్ల మీది గడ్డి జీవాలకు మేత అయ్యాయి. మంద కట్టించుకున్న రైతుకు ఎరువు దక్కింది.