స్టెరాయిడ్ మందులు – జీర్ణాశయ వ్రణము : ఒక చారిత్రక పరిశీలనము

1948వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని రోచెస్టరు పట్టణమున, మేయో వైద్యాలయమందు, కీళ్ళవాతముచే మంచము పట్టిన 29 ఏండ్ల స్త్రీకి కార్టిసోన్ అను క్రొత్త మందును సూదిద్వారా ఇచ్చిరి. కొలది దినములలోనే ఆమె లేచి నడువగలిగెను. ఎడ్రినల్ గ్రంథులలోని ద్రవ్యములను వేరుచేసి శోధించిన కెండాల్, రైక్‌స్టైన్‌లకును, ఈ మందును రోగులయందు పరీక్షించిన హెంచ్‌కును 1950లో నోబెల్ బహుమానము లభించెను. ఈ జాతి మందులే స్టెరాయిడ్లు. ఉబ్బసము, చర్మవ్యాధులు, మూత్రపిండవ్యాధులు మున్నగువానియందు ఇవి ఎందరినో ఆదుకొన్నవి. అయినను "స్టెరాయిడ్ వాడినచో కడుపులో పుండు పడును" అను మాట వానితోపాటే పుట్టి, ఇంటింట నిలిచిపోయినది. ఆ మాటకు మూలమేమి, అందలి సత్యమెంత అని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ భయమునకు బీజము కార్టిసోన్ వాడుకకు ముందే పడినది. 1936లో మాంట్రియల్ నగరమునందలి హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను చలికిని, గాయములకును, మితిమీరిన శ్రమకును గురిచేసి చూచెను. బాధ యేదైనను ఫలితమొక్కటియే: ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి, జీర్ణాశయమునందును, చిన్నప్రేగు మొదటి భాగమునందును పుండ్లు ఏర్పడినవి. ఆ గ్రంథి రసమే మందుగా వచ్చినపుడు వైద్యులు శంకించుట సహజము. 1951లో సీమూర్ గ్రే, ఆయన సహచరులు ఈ మందువలన జఠరామ్లము హెచ్చునని ప్రకటించిరి. కీళ్ళవాత రోగులలో పుండ్లును, రక్తస్రావమును కనబడినవని పలువురు వైద్యులు వ్రాసిరి. 1955లో ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ మందులును, 1958లో ట్రయామ్సినొలోన్, డెక్సామెథసోన్ మందులును వాడుకలోనికి వచ్చినవి. వీనిలో ట్రయామ్సినొలోన్‌ను రూపొందించినది, మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో మరణించువరకు పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లే సంస్థయే. ఈ క్రొత్త మందులు శరీరమున ఉప్పు, నీరు నిలుచుటను తగ్గించినవి గాని, కడుపును గూర్చిన శంకను తీర్చలేదు.

ఇంతలో ఒక వింత బయలుపడెను. 1955లో ఆక్స్‌ఫర్డునందు ట్రూలవ్, విట్స్ అను వైద్యులు పెద్దప్రేగు పుండ్లతో బాధపడు 210 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు కార్టిసోన్‌ను, రెండవదానికి మందులేని మాత్రలను ఇచ్చి చూచిరి. కార్టిసోన్ వాడినవారిలో కోలుకొన్నవారు ఎక్కువ. జీర్ణాశయమును పుండు చేయునని నిందపడిన మందే పెద్దప్రేగు పుండును మాన్పినది!

మరియొక చిక్కు కలదు. కీళ్ళవాత రోగులలో అనేకులు ఏండ్ల తరబడి ఆస్పిరిన్ కూడ మ్రింగుచుండిరి. నేరము దేనిది? 1976లో కాన్, బ్లిట్జర్ అనువారు అంతవరకు జరిగిన పరీక్షలను కూర్చి, స్టెరాయిడ్లకును పుండ్లకును సంబంధము కానరాలేదనిరి. 1983లో మెస్సర్ బృందము 71 పరీక్షలను లెక్కించి, స్టెరాయిడ్ వాడినవారిలో నూటికి 1.8, వాడనివారిలో 0.8 మందికి పుండ్లు పడెనని తేల్చినది. 1994లో కాన్, పోయినార్డ్ 93 పరీక్షలను చూచి, ఆ భేదము లెక్కింపదగినది కాదనిరి. ఒకే ప్రశ్నకు ఇరుపక్షముల తీర్పు!

ఈ వాదమునకు వెలుగు చూపినది 1991లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున పైపర్ బృందము వృద్ధులయందు జరిపిన పరిశీలనము. స్టెరాయిడ్ ఒక్కటే వాడినవారికి పుండ్ల ముప్పు ఇంచుమించు ఇతరులతో సమానము. నొప్పి మాత్రలను కూడ కలిపి వాడినవారికో, ఆ రెండును వాడనివారికంటె సుమారు 15 రెట్లు! 2014లో నార్వే పరిశోధకులు 159 పరీక్షలను, 33 వేలకు పైగా రోగులను పరిశీలించి, రక్తస్రావము, రంధ్రము పడుట స్టెరాయిడ్ వాడినవారిలో సుమారు 40 శాతము అధికమనియు, అది ముఖ్యముగా ఆసుపత్రులలో చేరిన రోగులకు చెందినదనియు చెప్పిరి.

దీని కారణము కష్టమైనది కాదు. జీర్ణాశయపు జిగురుపొరను కాపాడునవి ప్రోస్టాగ్లాండిన్లను ద్రవ్యములు. ఆస్పిరిన్ వానిని పుట్టనీయదని 1971లో జాన్ వేన్ నిరూపించెను. స్టెరాయిడ్లో గాయము మానుటను మందగింపజేయును. ఒకటి గోడకు బీట వేయగా, రెండవది మేస్త్రిని రానీయదు. ఇక పుండ్లకు ముఖ్యకారణములలో నొకటియైన సూక్ష్మజీవిని ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ 1982లో పెంచి చూపిరి. అంతకుముందు స్టెరాయిడ్లపై మోపిన నేరములలో కొన్ని ఆ జీవివి కావచ్చును.

అయినను ఈ మందులను తేలికగా చూడరాదు. పుండుకంటె భయంకరమైనది నొప్పి తెలియకుండుట. కడుపులో రంధ్రము పడినపుడు దుర్భరమైన బాధ, జ్వరము, పొట్ట బిగిసికొనుట కలుగవలెను. స్టెరాయిడ్ వాపును అణచునది గనుక ఈ గుర్తులను కూడ అణచును, వైద్యము ఆలస్యమగును. కావున ఈ మందు వాడువారికి క్రొత్తగా కడుపునొప్పి వచ్చినను, మలము నల్లబడినను, వాంతిలో రక్తము కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ చరిత్ర మన కుటుంబములకు బోధించునది రెండు మాటలు. భయపడి స్టెరాయిడ్‌ను తటాలున మానరాదు. దీర్ఘకాలము వాడినచో ఎడ్రినల్ గ్రంథులు సొంత పని మరచియుండును గనుక, అట్లు మానుట ప్రాణాపాయము. 2020లో కోవిడ్ రోగులలో ప్రాణవాయువు అవసరమైనవారిని మృత్యువునుండి తప్పించిన డెక్సామెథసోన్ ఈ జాతి మందే గదా! రెండవది, వైద్యుని అడుగక అంగడినుండి నొప్పి మాత్రలు తెచ్చి దానితో కలుపరాదు. కన్నడమో, తమిళమో, ఒరియాయో, మరాఠీయో మాటలాడు వైద్యునియెదుట మన పెద్దలు తమ బాధను పూర్తిగా చెప్పుకొనలేరు. కీళ్ళకొకరు, ఉబ్బసమునకొకరు వ్రాసిన చీటీలు వేర్వేరు సంచులలో నుండును. ఆ చీటీలనన్నిటిని ఒకచోట చేర్చి, ఒకే వైద్యునకు చూపి, మనము వారి నోటిమాటయై నిలుచుట పిల్లలమైన మన ధర్మము.