నానిన గోడకు ప్రీమియం ఎవరు కట్టాలి?

నారాయణఖేడ్ చుట్టూ మంజీర అర్ధచంద్రంలా తిరిగిపోతుంది. కర్ణాటక దాటి వచ్చి, దక్షిణాన సింగూరులో నిలిచి, తూర్పు నుంచి ఉత్తరానికి మళ్లి నిజాంసాగర్ చేరుతుంది. అయినా ఖేడ్ పల్లెల్లో ఇళ్లను ఎక్కువగా కూల్చేది ఏరు కాదు, ముసురు. వారం పాటు వాన విడవకపోతే మట్టి గోడలు నానుతాయి. మిద్దె మీది మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఏ నడిరాత్రో ఒక గోడ కూలుతుంది.

తెల్లారి రెవెన్యూ మనిషి వచ్చి పంచనామా రాస్తాడు. ఇల్లు పూర్తిగా కూలిందా, కొంతే కూలిందా? ఆ ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. విపత్తు సాయానికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్కలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000. ఆ నాలుగు వేలతో గోడ మళ్లీ లేవదు. పైగా అది హక్కుగా అందే బీమా సొమ్ము కాదు, సర్కారు చేసే సాయం. ఇంటికి బీమా ఉండాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ప్రీమియం ఎవరు కట్టాలన్న దగ్గరే మాట ఆగిపోతోంది.

నిజానికి ఈ నేలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. చెరువుల కాలంలో దీనికి ఒక జవాబు ఉండేది. చెరువు తవ్వించినవాడికి, కట్టను కాపాడేవాడికి దశబంధం ఇనాము ఇచ్చేవారు. తూము ఎత్తి దించే నీరటికి పంట మీద కళ్లంలోనే గింజలు కొలిచేవారు. కట్ట తెగితే కింది పొలమూ పోతుంది, వాడా పోతుంది కాబట్టి, తెగకుండా చూసే ఖర్చును ముందే పంచుకున్నారు. దాన్ని బీమా అని ఎవరూ పిలవలేదు. కానీ ముప్పు రాకముందే, నీటితో బతికే వాళ్లందరూ తలా కొంత చెల్లించడమే అందులోని సారం. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని కాదు. నీరటి వాటా ఎప్పుడూ చిన్నదే. అయినా చెల్లింపు ఎప్పుడు జరగాలో వాళ్లకు తెలుసు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. వేల మంది చనిపోయారు, వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కారు అన్నం పెట్టింది, తలదాచుకునే చోటు చూపింది. ఆ తర్వాత చేసిన పని ఇంకా పెద్దది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచన మీద తర్వాతి నిజాం కాలంలో మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. 1920 నాటికి మొదటిది, 1927 నాటికి రెండోది పూర్తయ్యాయి. ఖర్చు ఖజానాదే. నగరంలో ఏ ఇంటివాడినీ నీ వంతు ప్రీమియం కట్టమని అడగలేదు. అయితే ఆ ఖజానా నిండింది పల్లెల శిస్తుతో. అప్పట్లో నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. 1956లో గానీ మెదక్ జిల్లాలో కలవలేదు. ఇక్కడి రైతు కట్టిన శిస్తు కూడా మూసీ ఒడ్డు ఇళ్లను కాపాడింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పట్నం ముప్పును పల్లె పంచుకున్నప్పుడు, పల్లె ముప్పులో పట్నానికీ వాటా ఉండాలి కదా.

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, ఆ తర్వాత దశాబ్దాలకు వచ్చిన సింగూరు, ఏటి స్వభావాన్నే మార్చేశాయి. ఒకప్పుడు వరద దానంతట అది వచ్చేది. ఇప్పుడు ఎప్పుడు ఎన్ని గేట్లు ఎత్తాలో ఒక కార్యాలయంలో తేలుస్తారు. డ్యాములు ఎన్నో వరదలను అడ్డుకున్నాయి, కాదనను. కానీ నీటిని వదిలే చెయ్యి ఒకటి కనిపిస్తున్నప్పుడు దాన్ని దైవాధీనం అని వదిలేయడం న్యాయం కాదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కుండపోత కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. అక్కడ ఇళ్లు వాగుకు ఎంత దగ్గరగా లేచాయో చూస్తే, అందులో మనుషుల చెయ్యి కూడా ఉందని తెలిసిపోతుంది.

ఇక బీమా సంగతి. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా ప్రభుత్వపరమైంది. అగ్ని బీమా పాలసీలో తుపాను, వరద కూడా చేరాయి, కానీ అవి గిడ్డంగులు, మిల్లులు, బ్యాంకు అప్పున్న భవనాల దాకానే వచ్చాయి. పల్లెలోని పేద ఇంటి వైపు చూసిన పథకం 1988లో వచ్చిన గుడిసెల బీమా. గుడిసె కాలిపోతే 1,000 రూపాయలు, సామాన్లకు 500. ప్రీమియం మొత్తం కేంద్రమే కట్టేది. ఈ చిన్న పథకాన్ని జనం మరిచిపోయారు గానీ, నా లెక్కలో దాని విలువ పెద్దది. పేదవాడి ఇంటికి ప్రీమియం సర్కారు కట్టవచ్చని మన దేశం అప్పుడే ఒప్పుకుంది. లోటు ఒక్కటే: అది నిప్పుకు వర్తించింది, నీటికి కాదు.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన రాష్ట్ర నిధిలో మన వంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. సాయానికి ఒక పద్ధతి ఏర్పడింది, మంచిదే. కానీ అది సాయంగానే ఉండిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 ఇచ్చింది. 2020 అక్టోబరు వరదకు హైదరాబాదులో ఇంటికి 10,000 ఇచ్చారు. ఏ ఊరికి ఎంత అన్నది ఆనాటి ప్రభుత్వం దయ మీద, వార్తల్లో ఆ ఊరు ఎంత కనిపించిందన్న దాని మీద నడుస్తోంది. ముసురుకు గోడ కూలిన ఖేడ్ తండా ఏ వార్తలో కనిపిస్తుంది?

బీమా నియంత్రణ సంస్థ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అది 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీని అన్ని కంపెనీలూ అమ్మేలా చేసింది. వరద, తుపాను, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. ఇంటితో పాటు సామాన్లకూ రక్షణ ఉంది. మంచి పాలసీ. కొనాల్సింది మాత్రం ఇంటివాడే. జాబితాలో వరద ఉంది గానీ, రోజుల తరబడి వానకు నాని కూలడం అన్నది విడిగా లేదు. పాతబడి కూలిందని ఒకరు, వానకు కూలిందని ఇంకొకరు వాదించుకునే చోట, చదువురాని ముసలమ్మ క్లెయిము ఎలా గెలుస్తుంది?

బయటి దేశాలు ఈ చిక్కును తలో రకంగా విప్పాయి. అమెరికా 1968లో ప్రభుత్వ వరద బీమా పెట్టి, తర్వాత ముంపు ప్రాంతంలో ఇంటి అప్పు తీసుకునేవాళ్లకు తప్పనిసరి చేసింది. ప్రీమియం తక్కువ పెట్టడంతో మునిగే చోటే మళ్లీ మళ్లీ ఇళ్లు లేచాయి, పథకం అప్పుల్లో పడింది. ఫ్రాన్సు 1982 నుంచి ఆస్తి బీమా ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒకే శాతం అదనంగా తీసుకుంటోంది. బ్రిటన్ 2016లో ఫ్లడ్ రీ అనే వరద పునర్‌బీమా ఏర్పాటు మొదలుపెట్టింది. 2009 తర్వాత కట్టిన ఇళ్లకు అందులో చోటు లేదు. ముప్పు తెలిసీ కట్టినవాడి భారం ఇతరులు మోయనక్కర్లేదని దాని భావం. నాకు నచ్చింది ఆ గీతే.

మన దగ్గర ఆ గీత గీయడం కష్టమేమీ కాదు. గీతకు ఇవతలి పాత ఇళ్లకు ప్రీమియం సర్కారే కట్టే దారి కూడా మనకు తెలిసిందే. 2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో రైతుబీమా నడుస్తోంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు, ప్రీమియం పూర్తిగా రాష్ట్రానిదే. పంచనామా లేదు, పూర్తిగానా కొంతా అన్న ప్రశ్న లేదు. రైతు ప్రాణానికి చేసిన పని ఆ రైతు గోడకు ఎందుకు చేయకూడదు? తరాలుగా ఉన్న మట్టి ఇళ్లకు, ఇందిరమ్మ ఇళ్లకు ప్రీమియం రాష్ట్రమే కట్టాలి. నానిన గోడ కూడా నష్టమేనని పాలసీలో తెలుగులో రాయించాలి. చెరువు శిఖం మీద, నాలా పక్కన కొత్తగా వెంచరు వేసేవాళ్ల విషయం వేరు. అక్కడ ప్లాటు కొన్న ఉద్యోగి చేత కట్టించడం అన్యాయం. వేసినవాడు, అనుమతి ఇచ్చిన పురపాలక సంస్థ, అప్పిచ్చిన బ్యాంకు ముగ్గురూ కనీసం పదేళ్ల ప్రీమియం ముందే జమ చేయాలి. గేట్లు ఎత్తే నీటిపారుదల శాఖకూ సింగూరు, నిజాంసాగర్ దిగువ పల్లెల ఇళ్ల పేరు మీద ఏటా ఒక పద్దు ఉండాలి. జూన్‌లో తొలి వాన పడకముందే ఆ డబ్బు జమ కావాలి, ఒకప్పుడు నీరటికి కళ్లంలోనే గింజలు కొలిచినట్టు.