విశాఖ, విజయవాడ: రెండు నగరముల స్నేహస్పర్ధ

ఒకే యింట పుట్టిన బిడ్డలలో ఎవరు గొప్పవారని తల్లిని అడిగినచో ఆమె నవ్వి యూరకుండును. విశాఖపట్టణము, విజయవాడ అను రెండు నగరముల విషయమున ఆంధ్రదేశపు స్థితియు నట్టిదే. ఈ రెంటికి నడుమ రైలుదారిన సుమారు 350 కిలోమీటర్ల దూరము. ఒకటి సముద్రమును, మరియొకటి నదిని నమ్ముకొని పెరిగినవి. ఒకదానికి కలిగిన భాగ్యమును రెండవది ఎన్నో యేండ్లుగా ఓరకంట చూచుచునే యున్నది. ఈ పోటీ ఎట్లు సాగినదో, దానివలన తెలుగువారికి ఒనగూడిన దేమో ఒకమారు పరిశీలింతము.

ముందుగా జనాభా లెక్కలను చూతము. 1901లో విశాఖపట్టణమున సుమారు 41 వేలమంది, బెజవాడలో 24 వేలమంది నివసించుచుండిరి. 1951 నాటికి లెక్క తారుమారైనది. విజయవాడ లక్షా 61 వేలకు చేరగా విశాఖ లక్షా 8 వేలకడ నిలిచినది. 1971లో రెండును మూడున్నర లక్షల ప్రాంతమునకు వచ్చినవి. విశాఖ కొంచెము ముందడుగు వేసినది. 2011 లెక్కలలో విశాఖ నగర పరిధిలో 17 లక్షలకు పైగాను, విజయవాడ నగరమున 10 లక్షలకు పైగాను జనులు లెక్కకు వచ్చిరి. 70 ఏండ్లలో రెండుమార్లు స్థానములు మారినవి. ఆ మార్పులకు గల కారణములే ఈ రెండు నగరముల చరిత్ర.

బెజవాడ ఎదుగుదలకు మూలము నీరు. 1852లో ఆరంభమైన కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పారిన చోటనెల్ల వరి పండినది. పండిన ధాన్యము బెజవాడ బజారునకు వచ్చినది. 1888లో ఆ ఊరికి పురపాలక సంఘ మేర్పడెను. మరుసటి యేడు నిజాము రాజ్యపు రైలు బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై రైలువంతెన పూర్తికాగా, మద్రాసునుండి వచ్చు దారియు, కలకత్తాకు పోవు దారియు, హైదరాబాదు దారియు అచ్చట కలిసికొనెను. మూడు దారులు కలిసినచోట దిగువారు, ఎక్కువారు, అమ్మువారు, కొనువారు గుమిగూడుట సహజము. వర్తకముతోపాటు అచ్చుయంత్రములు, పుస్తక ప్రచురణ, సినిమా పంపిణీ ఆ ఊరిని ఆశ్రయించెను.

విశాఖకు అంతటి సులువైన భాగ్యము కలుగలేదు. కలకత్తా, మద్రాసుల నడుమ ఓడలు తలదాచుకొనుటకు తగిన రేవు లేని కాలమది. ఓడలు నడిసముద్రమున లంగరు వేయగా, సరకును పడవలలో చేరవేయుచుండిరి. డాల్ఫిన్‌నోస్ కొండ చాటున, ఉప్పుటేరు సముద్రమున కలియుచోట, బురదనేలలను త్రవ్వి రేవు నిర్మించిరి. అలల తాకిడిని, ఇసుక మేటను అరికట్టుటకై రెండు పాత ఓడలను రాళ్లతో నింపి కొండపాదమున ముంచిరి. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అను ఓడ ఈ రేవున ప్రవేశించెను. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. అంతకు రెండేండ్ల ముందు, 1931లో, రాయపూరు - విజయనగరము రైలుమార్గము పూర్తియై, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము ఈ తీరమునకు వచ్చుటకు దారి యేర్పడెను. 1941లో సింధియా వారి నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేయగా, 1948 మార్చి 14న ‘జల ఉష’ను పండిట్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చెను. 1971 లెక్కలలో విశాఖ వేసిన ముందడుగునకు ఇవియే మెట్లు.

ఈ రెండు నగరములు ముఖాముఖి తలపడిన సందర్భములు కొన్ని కలవు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రముగా పని ఆరంభించెను. అది ఎచ్చట నుండవలెనని ఆంధ్రదేశమంతట వాదములు చెలరేగెను. తుదకు 1930లో పరిషత్తు వాల్తేరు చేరెను. బెజవాడ చేతిలోని దీపము విశాఖ గుమ్మమున వెలిగినట్లయినది. జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఇచ్చిన విరాళములతో అచ్చట విజ్ఞానశాస్త్ర కళాశాల వర్ధిల్లెను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేయగా, ఆ పరిషత్తే గుంటూరునకు తరలి కృష్ణాతీర మండలమున తలదాచుకొనెను. యుద్ధానంతరము మరల వాల్తేరునకు వచ్చెను. పోగొట్టుకొన్నవారి పొరుగుననే ఆపత్కాలమున ఆశ్రయము దొరికినది.

రేడియో విషయమున విజయవాడదే పైచేయి. అచ్చటి ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభము కాగా, విశాఖ కేంద్రమునకై శ్రోతలు 1963 వరకు వేచియుండిరి. నగరపాలక సంస్థ హోదా విశాఖకు 1979లోను, విజయవాడకు 1981లోను వచ్చెను. మాటల పోటీకి మాత్రము విరామము లేదు. ఇన్ని నీళ్లున్నను త్రాగుటకు చుక్క యేదని బెజవాడవారు విశాఖవారిని అందురు. ఎంత నది యున్నను మీ యెండ చల్లారదు గదా యని వారు బదులిత్తురు.

అయితే ఈ పోటీకి లోపలనున్న బాంధవ్యము 1966లో వెల్లడియైనది. దేశమున కొత్తగా నెలకొల్పదలచిన ఉక్కు కర్మాగారమునకు విశాఖ అనువైన చోటని 1965లో నిపుణుల సంఘము సిఫారసు చేసినను, కేంద్ర ప్రభుత్వము నిర్ణయమును తేల్చలేదు. 1966 అక్టోబరులో విశాఖకు వచ్చి నిరాహారదీక్షకు కూర్చున్న అమృతరావు ఆ ఊరివాడు కాడు, గుంటూరు సీమవాడు. విశాఖలో తెన్నేటి విశ్వనాథముగారు ఉద్యమమునకు పెద్దదిక్కైరి. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అను నినాదములో ఊరిపేరు విశాఖదైనను, హక్కు ఆంధ్రులందరిది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగెను. ఆ ఉద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరి. కాల్పులలో జనులు మరణించిన పట్టణములలో విజయవాడయు నొకటి. తమ ఊరికి రాని కర్మాగారముకొరకు, ప్రక్క ఊరికి రావలసిన దానికొరకు, ఆ బిడ్డలు వీధిలోనికి వచ్చిరి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి. 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. ఆ నిర్మాణముకొరకు ఎన్నో గ్రామములవారు ఇండ్లు, పొలములు విడిచిపోయిరన్న మాట మనము మరువరాదు.

రాజధాని విషయమున చెలిమికి పరీక్ష యెదురైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు రాజధాని కర్నూలునకు, ఉన్నత న్యాయస్థానము గుంటూరునకు పోగా, మన రెండు నగరములును చేతులు ముడుచుకొనెను. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట విజయవాడ చెంత అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగెను. కార్యనిర్వాహక రాజధానిని విశాఖకు మార్చుటకు 2020లో చేసిన శాసనము 2021లో ఉపసంహరింపబడెను. ఆ యేండ్లలో హాస్యోక్తులు పోయి కటువైన మాటలు వినబడెను. ఉక్కునకు భూమి ఇచ్చిన విశాఖ రైతును, రాజధానికి భూమి ఇచ్చిన కృష్ణాతీర రైతును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో మనకొక సత్యము బోధపడును: నగరము ఎచ్చట పెరిగినను దానికి చోటిచ్చినది పల్లెయే. ఆ పల్లెకు ఇచ్చిన మాట నిలుచుట ముఖ్యము. రెండు నగరములలో గెలుపెవరిదన్నది తరువాతి మాట.

కొలిమిలో ఇనుము కరుగవలెనన్న ఖనిజముతోపాటు సున్నపురాయియు కావలెను. విశాఖ ఉక్కు కర్మాగారమునకు సొంత సున్నపురాయి గని జగ్గయ్యపేటలో ఏర్పడినది. ఆ జగ్గయ్యపేట అప్పుడు కృష్ణాజిల్లాలోనిది. 2022 నుండి విజయవాడ కేంద్రముగా గల ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. రెండు నగరములవారు మాటకు మాట విసరుకొనుచున్నపుడు ఈ సంగతి ఒకరి కొకరు గుర్తు చేసికొనిన బాగుండును. బెజవాడ సీమ రాయి కలిసినదే విశాఖ ఉక్కు.